'లైఫ్‌టైమ్' అంటే ఎవరి లైఫ్‌టైమ్?

కార్లు అమ్మేవాళ్ళు వాడే మాటల్లో నాకు అన్నిటికంటే అనుమానం కలిగించేది 'లైఫ్‌టైమ్'. ఆటోమేటిక్ గేర్ బాక్స్ లో పోసింది లైఫ్‌టైమ్ ఆయిల్ అట, దాన్ని మార్చే పనే లేదట. ఎవరి లైఫ్‌టైమ్? బండిదా, కొన్నవాడిదా, వారంటీదా? సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఈ పదంతో మనకి బాగానే పరిచయం ఉంది. లైఫ్‌టైమ్ లైసెన్స్ అని కొన్న ప్రోడక్ట్ కి నాలుగేళ్ళు తిరక్కుండానే 'ఎండ్ ఆఫ్ లైఫ్' అని మెయిల్ వస్తుంది. అక్కడ లైఫ్ ప్రోడక్ట్ ది, మనది కాదు. గేర్ బాక్స్ ఆయిల్ సంగతి కూడా దాదాపు అంతే.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే, మనవాళ్ళలో చాలామంది ఈ మధ్య సెకండ్ హ్యాండ్ లో పెద్ద బండ్లు కొంటున్నారు. కొత్తగా ఉన్నప్పుడు కన్నెత్తి కూడా చూడలేని జర్మన్, బ్రిటిష్ ఎస్‌యూవీలు ఏడెనిమిదేళ్ళయ్యేసరికి కొత్త ఇన్నోవా ధరకో, అంతకంటే తక్కువకో వచ్చేస్తాయి. ధర పాతబండిది. రిపేరు ఖర్చు మాత్రం కొత్తబండిదే. ఆ తేడా మొదట బయటపడేది చాలాసార్లు గేర్ బాక్స్ దగ్గరే.

మా చిన్నాయనది పెనుకొండ దగ్గర పల్లె. రెండేళ్ళ క్రితం బెంగుళూరులో ఒక లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాడు. 2016 మోడల్, డీజిల్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, అప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బండి పేరూ, సర్వీస్ సెంటర్ పేరూ చెప్పను. ఒక్క కంపెనీతో వచ్చిన తగువు కాదిది. ఆ బండి ఆయనకి దర్జా కోసం కొంత, అవసరం కోసం చాలా. పిన్నమ్మకి గుండె జబ్బు. పుట్టపర్తి పెద్దాసుపత్రికి నెలకోసారి తీసుకుపోవాలి. ఊళ్ళో ఇంకెవరికి ఒంట్లో బాగాలేకపోయినా అర్ధరాత్రి తలుపు తట్టేది ఈయన ఇంటికే.

కొన్న ఆరు నెలలకి ఫోన్ చేశాడు. "బండి మొద్దుబారిపోయిందిరా నాయనా. నొక్కితే ఆలోచన చేస్తాండాది. నేనేమో పొమ్మంటా, అదేమో యాడికి అంటాది."

నవ్వుకున్నాం గానీ, తర్వాత చెప్పింది నవ్వేది కాదు. సర్వీస్ రోడ్డు నుంచి హైవే ఎక్కుతుంటే (పాత 7వ నంబరు, ఇప్పటి 44) వెనకనుంచి లారీ వస్తోందట. ఇంకా దూరం ఉంది కదా అని కాలు నొక్కాడు. ఇంజను మోత పెరిగింది, బండి మాత్రం కదల్లేదు. రెండు సెకన్ల తర్వాత ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఎగిరి ముందుకు పోయింది. లారీ డ్రైవరు హారన్ కొడుతూ పక్కకి కోసుకుని వెళ్ళిపోయాడు. పిన్నమ్మ వెనక సీట్లో ఉంది. ఆ తర్వాత నెల ఆవిడ ఆసుపత్రికి బస్సులో పోతానంది.

ఇక్కడ కాస్త ఆగి, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మాన్యువల్ బండిలో గేర్ ఆయిల్ ప్రధానంగా పళ్ళ చక్రాలు అరగకుండా చూస్తుంది. ఆటోమేటిక్ లో దానికి నాలుగు ఉద్యోగాలు. ఒకటి, టార్క్ కన్వర్టర్ లో ఇంజను శక్తిని చక్రాల వైపు మోసేది ఆ ఆయిలే. రెండు, ఆ ఆయిల్ ప్రెషరే లోపలి క్లచ్చుల్ని నొక్కి గేర్లు మారుస్తుంది. మూడు, వేడిని బయటికి మోసుకొస్తుంది. నాలుగు, అరుగుదల ఆపుతుంది. ఇవి కాక ఒక విచిత్రమైన బాధ్యత కూడా ఉంది. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్ లోనే మునిగి ఉంటాయి కాబట్టి అది జారుడుగానూ ఉండాలి, అదే సమయంలో ప్లేట్లు సరిగ్గా పట్టుకునేలానూ ఉండాలి. ఈ బ్యాలెన్స్ కోసం అందులో కొన్ని రసాయనాలు కలుపుతారు. 1970ల మొదట్లో నిషేధం వచ్చేదాకా అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలాల నూనె వాడేవారంటే, అది ఎంత సున్నితమైన వ్యవహారమో అర్థం చేసుకోవచ్చు.

ఆ రసాయనాలు శాశ్వతం కాదు. వేడికి ఖర్చయిపోతాయి. ఆయిల్ ఆక్సీకరణం చెంది నల్లబడుతుంది, సన్నటి జిగురుపొర కట్టి వాల్వుల కదలికకి అడ్డం పడుతుంది. క్లచ్ ప్లేట్ల పొడి కూడా అందులోనే కలుస్తుంది. అప్పుడు గేరు మారమని కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చిన తర్వాత క్లచ్ లో ప్రెషర్ నిండడానికి పట్టే సమయం పెరుగుతుంది. మనకి తెలిసే ఆ 'ఆలోచన' ఇదే.

అసలు తమాషా ఏమిటంటే, ఇది చాలాకాలం మనకి తెలియదు. గేర్ బాక్స్ ని నడిపే సాఫ్ట్‌వేర్ ప్రతి క్లచ్ కీ ఎంత సమయం పడుతోందో కొలుచుకుంటూ, ఆలస్యం అవుతున్నకొద్దీ ప్రెషర్ పెంచి సర్దుకుంటూ పోతుంది. దీన్ని అడాప్టేషన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, మెమరీ లీక్ ఉన్న సర్వర్ కి ఎవరో రోజూ ర్యామ్ పెంచుతున్నట్టు. డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంటుంది, అలర్ట్ రాదు. సర్దుకోగల పరిధి అయిపోయిన రోజు మాత్రం ఒక్కసారిగా అన్నీ బయటపడతాయి. అందుకే "నిన్నటిదాకా బ్రహ్మాండంగా ఉందండీ" అనే మాట మెకానిక్కులకి రోజూ వినపడుతుంది.

చిన్నాయన బండిని బెంగుళూరులో సర్వీస్ సెంటర్ కి నేనే తీసుకెళ్ళాను. అక్కడి అడ్వైజర్ కంప్యూటర్ పెట్టి చూసి, ఫాల్ట్ కోడ్స్ ఏమీ లేవన్నాడు. నడిపి చూసి, ఆలస్యం ఉన్నమాట నిజమే అన్నాడు. పరిష్కారం: గేర్ బాక్స్ మొత్తం మార్చడం. 6,80,000 రూపాయలు, పన్ను అదనం.

"ఆయిల్ ఒకసారి తీసి చూశారా?" అని అడిగాను.

"అది సీల్డ్ యూనిట్ సార్. ఆయిల్ చెక్ చేసే ప్రొసీజర్ మా దగ్గర లేదు. లైఫ్‌టైమ్ ఫిల్."

"మరి లైఫ్‌టైమ్ ఆయిల్ ఉన్న బాక్స్ లక్షా ఇరవై వేలకే పోతే దాన్ని ఏమంటారు?"

"దాని లైఫ్ అయిపోయింది సార్."

ఆయన నిజాయితీగానే చెప్పాడనుకుంటాను. ఆయన ముందున్న స్క్రీన్ మీద అంతకంటే లేదు. కానీ లాగ్స్ తెరిచి చూడకుండా సర్వర్ మార్చేయమని చెప్పే సపోర్ట్ ఇంజనీర్ ని మనం ఏమంటామో మీకు తెలుసు. :)

బండిలో డిప్‌స్టిక్ కూడా లేదని చెబితే చిన్నాయన నమ్మలేదు. "బోర్లో నీళ్ళు ఎంత కిందికి పోయినాయో చూసేకి తాడుకు రాయి కట్టి దించుతాం గదరా. అరవై లక్షల బండికి అది గూడా పెట్టలేదా?" అన్నాడు. పాతకాలం ఆటోమేటిక్ లలో డిప్‌స్టిక్ ఉండేది. రంగు చూసి, వాసన చూసి చెప్పేవారు. ఎర్రగా ఉంటే మంచిది, మాడు వాసన వస్తే ప్రమాదం. దాన్ని తీసేసి, మూత బిగించి, లైఫ్‌టైమ్ అని పేరు పెట్టారు.

మరి ఆ మాట అబద్ధమా? పూర్తిగా కాదు. ఎవరు చెబుతున్నారో చూడాలి. జర్మనీలోని జెడ్‌ఎఫ్ కంపెనీ 2009 నుంచి తయారుచేస్తున్న ఎనిమిది గేర్ల బాక్స్ ని బీఎండబ్ల్యూ నుంచి ల్యాండ్ రోవర్ దాకా ఎంతోమంది వాడారు. గేర్ బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకి, ఆయిల్ మార్చమని సలహా ఇస్తుంది. 1990ల్లో వచ్చిన మెర్సిడెస్ ఐదు గేర్ల ఆటోమేటిక్ విషయంలో కూడా మొదట మార్చనక్కర్లేదన్నారు, తర్వాత కంపెనీయే మార్పు గడువు పెట్టింది. వస్తువు చేసినవాడు ఒకటి చెప్తాడు, దాన్ని బండిలో పెట్టి అమ్మేవాడు ఇంకొకటి చెప్తాడు. అమ్మేవాడికి మెయింటెనెన్స్ ఖర్చు తక్కువని బ్రోషర్ లో చూపించుకోవాలి. మొదటి ఓనర్ మూడు నాలుగేళ్ళకి బండి అమ్మేస్తాడు, అతనికి లైఫ్‌టైమ్ అన్న మాట నిజంగానే నిజం. రెండో ఓనర్ కీ, మూడో ఓనర్ కీ మిగిలేది బిల్లు.

పైగా అదే మాన్యువల్ లో వెనకపేజీల్లో ఇంకో పట్టిక ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. 'కఠినమైన వాడకం' అని. దుమ్ము రోడ్లు, బరువులు లాగడం, 32 డిగ్రీలు దాటిన వేడిలో ట్రాఫిక్, పదే పదే చిన్న చిన్న ప్రయాణాలు... ఇలాంటివి ఉంటే లెక్క వేరు, తొందరగా మార్చాలి అని రాస్తారు. చాలా కంపెనీల మాన్యువల్స్ లో ఈ జాబితా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అది చదివితే నాకు మా జిల్లా వర్ణన చదివినట్టే ఉంటుంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, నైరుతిని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి నీరసపడుతుంది. ఎండాకాలంలో 40 దాటడం మామూలు. ఊరి రోడ్లమీద ఎర్రదుమ్ము, కళ్ళాల కాలంలో గాలికి ఎగిరే చెనిక్కాయ పొట్టు. అది రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటే గేర్ బాక్స్ వేడి కూడా బయటికి పోదు. యూరప్ లో కఠినమైన వాడకం అనేది మనకి రోజువారీ వాడకం. బెంగుళూరు సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు పాకే బండిదీ ఇదే కథ. హైవే మీద నిలకడగా పోయేటప్పుడు టార్క్ కన్వర్టర్ లాక్ అయి వేడి తక్కువ పుడుతుంది, పాకుడులోనే ఎక్కువ.

వేడి లెక్క ఒకటి ఈ రంగంలో ఎప్పటినుంచో ఉంది. ఆయిల్ ఉష్ణోగ్రత 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగం అవుతుందని. 80 దగ్గర 1,60,000 కిలోమీటర్లు వచ్చే ఆయిల్ 91 దగ్గర 80,000, 102 దగ్గర 40,000 వస్తుందన్నమాట. ఇది పాతకాలం ఆయిల్స్ కోసం వేసిన మోటు లెక్క, ఇప్పటి సింథటిక్ లు ఇంకా బాగా తట్టుకుంటాయి. కానీ గ్రాఫ్ ఏ దిక్కుకి పోతుందో తెలుసుకోవడానికి అది చాలు.

ఇక ఇంకోవైపు నుంచి వచ్చే భయం: "పాత బాక్స్ లో ఆయిల్ ముట్టుకోవద్దు, మారిస్తే చచ్చిపోతుంది." ఇది బంధువులూ చెప్తారు, మెకానిక్కులూ చెప్తారు. వాళ్ళు చూసింది అబద్ధం కాదు, కారణం అనుకున్నది మాత్రం తప్పు. మన దేశంలో ఆయిల్ ఎప్పుడు మారుస్తారు? గేరు జారడం మొదలయ్యాక. అప్పటికే క్లచ్చులు అరిగిపోయి ఉంటాయి. మార్చిన నెలకి బాక్స్ పోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. జ్వరం ముదిరాక ఆసుపత్రికి తీసుకెళ్ళి, పోయాక ఆసుపత్రే చంపింది అన్నట్టు. ఇందులో ఉన్న నిజం ఒక్కటే, మెషీన్ పెట్టి బలంగా ప్రెషర్ తో కడిగే పద్ధతి పాత బాక్స్ లకి మంచిది కాదు. మూలల్లో పేరుకున్న మురికి కదిలి వాల్వుల్లో చేరొచ్చు. మామూలుగా కిందనుంచి దించి, మళ్ళీ పోసే పద్ధతి మెత్తనిది.

దానికీ లెక్క ఉంది. పది లీటర్లు పట్టే బాక్స్ లో ఒకసారి దించితే ఐదే వస్తుంది అనుకోండి, మిగతాది టార్క్ కన్వర్టర్ లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. ఒకసారి మారిస్తే పాతది సగం మిగులుతుంది. కొంత తిప్పి రెండోసారి మారిస్తే పావు. మూడోసారికి ఎనిమిదో వంతు. ఒక్కసారి మార్చి "తేడా ఏం లేదండీ" అనేవాళ్ళకి లోపల సగం మురికే ఉందని తెలియదు.

చివరికి మా పని చేసిపెట్టింది అనంతపురంలో ఒక మెకానిక్. బెంగుళూరులో పదేళ్ళు ఆటోమేటిక్ బాక్స్ ల మీదే పనిచేసి ఊరికి తిరిగొచ్చినాయన. ఆయన పెట్టిన మొదటి షరతు, "సూడన్నా, ముందు పాన్ ఇప్పుతా. అయస్కాంతాల మీద మెత్తటి మడ్డి ఉంటే ఆయిల్ మారుస్తా. ఇనప ముక్కలు ఉంటే మూసేసి పంపిస్తా, ఆయిల్ డబ్బులు గూడా దండగే." రెండో షరతు, బండి ముందురోజు సాయంత్రమే వదిలిపోవాలి, పని తెల్లారి ఆరింటికి మొదలవ్వాలి.

ఆ రెండో షరతు వెనక మంచి ఇంజనీరింగ్ ఉంది. డిప్‌స్టిక్ లేని బాక్స్ లో ఆయిల్ లెవెల్ చూడాలంటే ఇంజను నడుస్తుండగా పక్కనున్న బోల్టు విప్పి, పొర్లిపోయేదాకా పోయాలి. ఆ సమయంలో ఆయిల్ ఉష్ణోగ్రత కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉండాలి. చాలావాటికి అది 30, 50 డిగ్రీల మధ్య ఎక్కడో ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువ పొర్లిపోతుంది, చల్లారాక లోపల తక్కువవుతుంది. మే నెలలో మధ్యాహ్నం అనంతపురం షెడ్ లో నిలబెట్టిన బండి ఆ హద్దుల్లో ఎంతసేపు ఉంటుంది? జర్మనీలో రాసిన ప్రొసీజర్ ని ఇక్కడ అమలు చెయ్యాలంటే తెల్లవారుజాము కావాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చేసి తెలుసుకున్నాడు.

పాన్ విప్పితే కాఫీ డికాక్షన్ లాంటి ఆయిల్ వచ్చింది. అయస్కాంతాల మీద నల్లటి మడ్డి, ముక్కలు లేవు. పాన్ తోపాటే ఫిల్టర్ కూడా మార్చి, మూడు విడతలుగా ఆయిల్ మార్చి, అడాప్టేషన్ విలువలు రీసెట్ చేసి, యాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఇచ్చాడు. మొత్తం 61,000 అయింది. ఆలస్యం పోయింది. బాగా వేడెక్కినప్పుడు రెండు నుంచి మూడుకి మారేటప్పుడు చిన్న కుదుపు మాత్రం ఉండిపోయింది. "అది అరుగుదల అన్నా. ఆయిల్ పోస్తే అరిగింది తిరిగి రాదు" అన్నాడాయన ముందే. సంవత్సరం దాటింది, బండి నడుస్తోంది. ఆసుపత్రికి పిన్నమ్మ మళ్ళీ అందులోనే వెళ్తోంది.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసే విషయం ఇంకోటి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదల, డిసెంబరులో లాంఛనంగా ప్రారంభం. ఏడాదికి మూడు లక్షల బండ్ల సామర్థ్యం, గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్ళు. ఆ మొదటి సెల్టోస్ ఒక్కదాంట్లోనే మూడు రకాల ఆటోమేటిక్ లు ఇచ్చారు: డీజిల్ కి టార్క్ కన్వర్టర్, పెట్రోల్ కి సీవీటీ రకం, టర్బోకి డీసీటీ. మూడింటి పనితీరూ వేరు, ఆయిలూ వేరు, ఒకదానిది ఇంకోదాంట్లో పోస్తే బాక్స్ కి నూకలు చెల్లినట్టే. చెనిక్కాయ తప్ప ఇంకోటి ఎరగదనిపించుకున్న నేల మీద (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా అనుకోండి) ఇన్ని బండ్లు తయారవుతున్నాయి. ఆ గేర్ బాక్స్ లు పదేళ్ళకి మొరాయిస్తే విప్పి చూడగలిగేవాళ్ళు మాత్రం చుట్టుపక్కల వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. తయారుచేసే ఉద్యోగాల గురించి అందరం మాట్లాడాం, బాగుచేసే చదువు గురించి ఎవరూ మాట్లాడలేదు. మా జిల్లా ఐటీఐ కుర్రాళ్ళకి ఇది నేర్పిస్తే బెంగుళూరు బస్సెక్కే పని సగం తప్పుతుందని నా అభిప్రాయం.

సరే, మీ బండి కూడా ఆలోచిస్తోందా? ముందు ఇవి చూసుకోండి.

నొక్కినప్పుడు ఆర్పీఎం ముల్లు పైకి లేచి, స్పీడు మాత్రం లేవకపోతే అనుమానం గేర్ బాక్స్ మీద. ముల్లూ లేవకపోతే ఇంజనే లాగడం లేదు. దుమ్ము ప్రాంతమైతే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, వేలల్లో పోయేది వందల్లో పోతుంది. పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు గేర్లు ఆలస్యంగా మారడం చాలా బండ్లలో మామూలే, ఇంజను త్వరగా వేడెక్కడానికి అలా రాస్తారు. ఎకో మోడ్ లో ఉండి బద్ధకం అని తిట్టకండి. ఆయిల్ మారిస్తే కంపెనీ చెప్పిన గ్రేడే పోయించండి, 'అన్నిటికీ పనికొస్తుంది' అనే డబ్బా జోలికి పోకండి. ఉష్ణోగ్రత కొలవకుండా లెవెల్ పెట్టేవాడికి బండి ఇవ్వకండి.

సెకండ్ హ్యాండ్ లో కొనేవాళ్ళకి ఒక్క మాట. ఇంజను ఆయిల్ బిల్లులు అందరూ చూపిస్తారు. లక్ష కిలోమీటర్లు దాటిన బండికి గేర్ బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. "అది లైఫ్‌టైమ్ సార్" అంటే వాదించకండి. ఆయిల్, ఫిల్టర్, కూలీ కలిపి ఎంతవుతుందో ముందే కనుక్కుని, అంత ధరలో తగ్గించమనండి. తగ్గించనంటే ఇంకో బండి చూసుకోండి, బెంగుళూరులో బండ్లకేం కరువు లేదు.